డల్లాస్ సువార్త, పొన్నూరు సువార్త

నిడుబ్రోలు స్టేషన్లో దిగి ‘అమెరికా అయ్యగారి ఇల్లెక్కడ?’ అని ఆటోవాణ్ణి అడిగి చూడండి. ‘ఏ అమెరికా అయ్యగారండీ?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. పొన్నూరు చుట్టుపక్కల ఆ జాతి అంతగా పెరిగింది. లక్షణాలు మాత్రం అందరివీ ఒక్కటే. అయ్యగారు గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, నానా పల్లెల్లో పాస్టరుగా చేసి రిటైరైనవారు. అమ్మగారు మిషన్ బళ్ళో రెండు తరాలకి ఎక్కాలు నేర్పిన టీచరు. కొడుకు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేరు. మనవడికి తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు.

ఇలాంటి కొడుకులు మిగతావాళ్ళకీ ఉన్నారు. ఆ తల్లిదండ్రులు ఆర్నెల్లు వెళ్ళి, మనవణ్ణి ఆడించి, నయాగరా ముందు స్వెట్టర్లతో ఫొటో దిగి వచ్చేస్తారు. అయ్యగారి లెక్క వేరు. ఆయన వెళ్ళేది పరిచర్యకి. మనవడు దారిలో దొరికే ఆశీర్వాదం. ఈ మాట వీసా కిటికీ దగ్గర అనొద్దని కొడుకు ఫోన్లో బతిమాలుకుంటాడు. ‘ఎందుకు వెళ్తున్నారు?’ అని లోపలి దొరసాని అడగ్గానే అయ్యగారు ప్రసంగానికి ముందు సవరించుకున్నట్టే గొంతు సవరించుకుంటారు. ఆ సవరింపు పూర్తయ్యేలోపు అమ్మగారు ‘మనవడండీ’ అనేస్తారు. వీసా వచ్చేస్తుంది. అది ప్రభువు కృప అని అయ్యగారు ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంటారు.

అసలు యుద్ధం పెట్టెల దగ్గర. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. కాటా కొక్కేనికి పెట్టె తగిలించి అయ్యగారు ఆయాసపడుతూ పైకెత్తితే, అమ్మగారు కళ్ళజోడు సర్దుకుని అంకె చదువుతారు. 26! మూడు కిలోలు దిగాలి. పెట్టెలో ఒక పక్క ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాల కట్ట, ఇంకో పక్క కారం, గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, కందిపొడి.

“పుస్తకాలు తీయడానికి వీల్లేదు. అక్కడ కూడికలో నలుగురికి ఒక్క పుస్తకం.”

“మీ కీర్తనలన్నీ ఫోన్లో ఉన్నాయండీ. నా కారం ఫోన్లో రాదు.”

పుస్తకాలు దిగుతాయి. ఓడినందుకు పరిహారంగా అయ్యగారు నాటుకోడి పచ్చడి సీసా దింపిస్తారు. మాంసం పచ్చడి ఆ దేశంలోకి రానివ్వరు. దిగగానే ఏమేం తెచ్చారని అడుగుతారు, ఆయన అబద్ధం చెప్పరు. ‘చింతకాయ అని చెప్పండి’ అని అమ్మగారు పైకి అనరు. ఆ సీసా వంక చూసే చూపులో మాత్రం ఆ మాట ఉంటుంది.

టెక్సాస్‌లో దిగి బయటికి రాగానే ఎండ ఫెళ్ళున తగులుతుంది. ‘అమ్మయ్య, రెంటచింతలే’ అని అమ్మగారు ఊపిరి పీల్చుకుంటారు. మర్నాటి నుంచి అయ్యగారి నడక మొదలు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, చేతిలో కుక్కల కోసం కర్ర. అక్కడి కుక్కలు తాళ్ళకి కట్టుబడి పెద్దమనుషుల్లా నడుస్తుంటాయి. కర్రని చూసి పక్కకి తప్పుకునేది వాటి యజమానులే. మన రంగు ముఖం ఎదురుపడితే చాలు, అయ్యగారు దారికి అడ్డంగా నిలబడి ‘మీదే ఊరండీ?’ అంటారు. తెనాలి, చిలకలూరిపేట, పెదనందిపాడు... ఏ ఊరైనా శుక్రవారం సాయంత్రం కూడికకి పిలుపు ఖాయం.

కూడిక కొడుకు ఇంట్లోనే, సోఫాలు గోడకి జరిపి. పాట, ప్రార్థన, ఆ తర్వాత గంటంపావు ప్రసంగం. వారమంతా కంప్యూటర్ల ముందు కూచున్న పిల్లలు కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్తారు. ఒకరిద్దరి ధ్యానం గురక దాకా వెళ్తుంది. లోపల గోంగూర తాలింపు వేగేసరికి అందరూ ఒక్కసారి కళ్ళు తెరుస్తారు. తాళంచెవుల గుత్తికి వెంకన్న బిళ్ళ ఉన్న తెనాలి కుర్రాడు కూడా అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు. ఆ తర్వాత వచ్చేది అన్నమని వాడికి తెలుసు. ఎవరికి సంబంధం కుదరలేదో, ఎవరి ఉద్యోగం ఊడేలా ఉందో, ఎవరి అమ్మకి మోకాలి ఆపరేషనో వంటింట్లో అమ్మగారికి తెలిసిపోతుంది. గంటంపావు ప్రసంగంలో అయ్యగారికి తెలియనిది ఆవిడకి రెండోసారి పచ్చడి వడ్డించేలోపు తెలుస్తుంది.

ఇంతకీ ఆ ప్రసంగం దేని గురించి? వాక్యం ఎక్కడ మొదలైనా పొన్నూరులోనే తేలుతుంది. “మా ఊళ్ళో పక్కింటాయన తలుపు కొట్టకుండా వస్తాడు. ఇక్కడ మెసేజ్ పెట్టి, ఒప్పుకుంటేనే వస్తున్నారు. మా నిడుబ్రోలు రంగాగారు ఆక్స్‌ఫర్డులో చదివి కూడా మళ్ళీ నిడుబ్రోలు వచ్చి రైతుల కోసం విద్యాలయం పెట్టారు. మీరెప్పుడొస్తారు?” పిల్లలు కార్పెట్ వంక చూస్తారు. గ్రీన్‌కార్డు రానివాళ్ళూ, వచ్చినవాళ్ళూ ఒకే చోట చూస్తారు. వేసవిలో పొన్నూరు గుడి గంట ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి కొడితే డల్లాస్‌లో శనివారం రాత్రి పదకొండు. అయ్యగారు నిద్ర ఆపుకుని ఫోన్ చేసి, గంట సమయానికి కొట్టారా లేదా అని కనుక్కుంటేగానీ పడుకోరు.

అమెరికావాడికి ఆయన చేసిన బోధ ఒక్కటే. పక్కింటి ముసలాయన కంచె అవతల మొక్కలకి నీళ్ళు పెడుతూ మాటల్లో తాను లూథరన్‌నని చెప్పాడు. అయ్యగారి ముఖం వెలిగిపోయింది. “అయితే మీ హయ్యర్ దొర తెలిసే ఉండాలే!” ఆయనకి తెలియదు. ఇక చూసుకోండి. అమెరికా నుంచి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ ఓడెక్కి 1842 జూలై 31న గుంటూరు చేరడం, కలెక్టరు స్టోక్స్ దొర ఆదరించడం, బళ్ళు పెట్టడం, పల్నాడుకి వెళ్ళడం అన్నీ వరసగా వచ్చాయి. తిరిగి వెళ్ళిపోయాక, రాజమండ్రి మిషన్ని వేరే సంఘానికి అప్పగించేస్తున్నారని విని, 1869లో 76 ఏళ్ళ వయసులో ఆ దొర మళ్ళీ ఓడెక్కాడు. “నాకిప్పుడు 74. ఇంకా రెండేళ్ళ దాకా ముసలాణ్ణని ఒప్పుకోను” అన్నారు అయ్యగారు.

“ఆయన భార్య అప్పటికే పోయింది, పెట్టె ఆయనే సర్దుకున్నాడు పాపం” అంటూ అమ్మగారు వచ్చి కలిశారు. “దొర సంగతి సరే, కుగ్లరమ్మ సంగతి చెప్పండి. 1883లో వచ్చి ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి పెట్టింది. నేను పుట్టింది అందులోనే.” ఆ ముసలాయన గొట్టం కట్టేయడం మరిచిపోయాడు. టమాటా మొక్కలన్నీ నీళ్ళలో తేలాయి. ఒక అమెరికన్ కథని ఒక అమెరికన్‌కి వినిపించడానికి పొన్నూరు నుంచి ఓ మనిషి వెళ్ళాల్సి వచ్చింది.

ఆర్నెల్లు తిరిగేసరికి ఇద్దరూ ఇంటికి చేరతారు. అమ్మగారు వీధంతా బాదంపప్పులూ, కీళ్ళనొప్పుల మాత్రలూ పంచుతారు. అయ్యగారు రాత్రి రెండింటికి లేచి కీర్తన ఎత్తుకుంటారు. వీధి కుక్కలు వంత పాడతాయి. తెల్లారేక డల్లాస్ సువార్త మొదలు. “అక్కడ హారన్ కొట్టరు. వరస తప్పరు. తలుపు కొట్టకుండా ఎవరూ లోపలికి రారు.” మొన్న బస్సులో టికెట్టు అందుకుని కండక్టరుకి ‘థాంక్యూ’ అన్నారట. కండక్టరు ఉలిక్కిపడి, “చిల్లర ఇంకా ఇవ్వలేదు గదండీ” అన్నాడు.

ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు ఆయనకి పాత స్నేహితుడు. “సాక్ష్యం చెప్పడానికి మా భావన్నారాయణస్వామి కదిలి పొన్నూరు వచ్చాడని స్థలపురాణం. మీరేమో సాక్ష్యం చెప్పడానికి పొన్నూరు వదిలిపెట్టి పోతారు” అని ఆటపట్టిస్తారు.

నాకు మాత్రం అయ్యగారి పద్ధతి మొత్తం ఒక్క సంగతిలో ఉందనిపిస్తుంది. ఆయన ఎక్కడుంటే అక్కడ లేని ఊరి గురించే బోధిస్తారు. తలుపు కొట్టకుండా రావడం అక్కడ పుణ్యం, ఇక్కడ పాపం. ఇందులో ఆయన తప్పేమీ లేదు, దొరల నాటి ఆనవాయితీ ఇది. వాళ్ళు ఇక్కడున్నన్నాళ్ళూ తమ దేశం చదువూ శుభ్రతా చెప్పారు. సెలవు మీద వెళ్ళినప్పుడు అక్కడి చర్చిల్లో గుంటూరు గురించి చెప్పి చందాలు పోగుచేశారు. ఉన్న ఊరి గొప్ప ఉన్నవాళ్ళకి చెబితే ఎవరు వింటారు?

ఈ మాటే అరుగు మీద కూచుని అమ్మగారితో అన్నాను. “మీకు మటుకు ఏ ఊరు బాగుంటుందండీ?”

“పెట్టె సర్దే పని లేని ఊరు ఏదైనా బాగానే ఉంటుంది నాయనా.”

లోపల్నుంచి అయ్యగారి గొంతు ఖంగుమంది. “పరలోకానికి పెట్టె అక్కర్లేదు!”

అమ్మగారు తల తిప్పకుండానే అడిగారు. “అక్కడ కారం దొరుకుతుందో లేదో కనుక్కున్నారా?”