పేరు లేని నీళ్లు

మా రోజుల్ల వాగుకు అడుగడుగునా ఒక పేరుండేది బిడ్డా. ఎడ్లను కడిగే కాడ ఎడ్లమడుగు, బట్టలుతికే కాడ చాకిరేవు, తుంగ మొలిచిన కాడ తుంగమడుగు. పోరడు యాడ ఈత కొడుతున్నడో ఎవరన్న పేరు చెప్తే చాలు, మా అమ్మ కట్టె పట్టుకొని సీదా అక్కడికే వచ్చేది. ఇప్పుడు ఎల్గందుల కోట దాపుకు మానేరు డ్యాం నీళ్లు పాయలు పాయలుగ జొచ్చుకొచ్చినయ్. ఈ పాయ పేరేందిరా అంటే మా మనుమడు "బ్యాక్‌వాటర్ తాతా" అంటడు. ఆ పాయదో? అదీ బ్యాక్‌వాటరే! ఇంట్ల పదిమంది పిల్లలుంటే అందరికీ ఒక్కటే పేరు పెడ్తమా?

వాడు తెల్వి తక్కువోడేం కాదు. ఉత్తర ధ్రువం దిక్కున, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవులల్ల, కాంగ్స్‌ఫియోర్డ్ అని సముద్రపు పాయ ఉన్నదట. మంచు గీకి గీకి లోతు చేసిన లోయలకు సముద్రం జొచ్చింది. దాని ఒడ్డున 2008ల మన దేశం హిమాద్రి అనే పరిశోధన కేంద్రం తెరిచింది, 2014ల ఆ నీళ్లల్లకు పరికరాలు దించింది. పేరుకు అర్థం రాజు పాయ. తలాపున ఉన్న మూడు శిఖరాలు మూడు కిరీటాలు. వాటికి స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల పేర్లు. ఇదంత మనుమడే చెప్పిండు, సంబురంగ విన్న. అక్కడ తరతరాలుగ బతికినోళ్లు లేరు, రాజుల పేర్లు పెట్టుకున్నరు. మన వాగు ఒడ్డున మనం లేమారా?

ఆసిఫాబాద్ దిక్కు పోయి చూడు. తుమ్మిడిహెట్టి కాడ వార్ధా, వైన్‌గంగ కలుస్తయ్. కలిసిన నీళ్లకు పెద్దలు దీని పేరూ ఉంచలె, దాని పేరూ ఉంచలె, ప్రాణహిత అన్నరు. కాళేశ్వరం కాడ గోదాట్ల కలిసేదాక అదే పేరు. ఆ నీళ్లు తాగినోళ్లు పెట్టిన పేరు గట్లుంటది.

నిజం కూడ చెప్పాలె. బడిల నేను రాసుకున్న కరీంనగర్ పేరు సుత పాతదేం కాదు. 1905ల కచ్చేరి ఎల్గందుల నుంచి ఇటు వచ్చినంకనే జిల్లాకు ఆ పేరొచ్చింది. మా తాత సచ్చేదాక ఎల్గందుల జిల్లా అనే అన్నడు. 2016ల ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేసినప్పుడు నేను అలిగిన తీరే ఆయన అప్పుడు అలిగిండు. మరి డ్యాం కూడ ఊకెనే కట్టలే. 1985ల అది పూర్తయినంకనే మా పొలం రెండు పంటలు చూసింది. నీళ్లను తిట్టను, పేరు పెట్టకుంట వదిలేసిన మన బద్ధకాన్ని తిడ్త.

ఆదివారం వాన్ని కోట కిందికి తోల్కపోత. మునిగిన మడుగుల పేర్లు పదకొండు నాకింకా యాదికున్నయ్, ఫోన్ల రాయిస్త. కొత్త పాయలకు పేర్లు పెట్టుడు వాని వంతు.