నోటుబుక్కులో హరిశ్చంద్రులు

తెలుగునాట సత్యసంధులకు కరువొచ్చిందని ఎవరన్నారు? మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఏ బడికైనా వెళ్లి, ఏ పిల్లవాడి నోటుబుక్కైనా తీసి చూడండి. ఒక్కొక్కడూ ఒక్కో హరిశ్చంద్రుడు. తెల్లవారుజామునే లేస్తాడు. రెండు పూటలా పళ్లు తోముకుంటాడు. ఆకుకూరలంటే ప్రాణం పెడతాడు. చెత్తను చెత్తబుట్టలోనే వేస్తాడు. అబద్ధం అతని ఇంటావంటా లేదు. అందరి సుగుణాలూ ఒకటే, వాటిని చెప్పుకునే మాటలూ ఒకటే. ఆఖరికి తప్పులూ ఒకటే. టీచరుగారు హడావిడిలో బోర్డు మీద ‘పరిశుబ్రత’ అని రాసిన రోజున క్లాసు క్లాసంతా ఒత్తు లేని శుభ్రతనే పాటించింది.

పరిసరాల విజ్ఞానంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ కుటుంబం గురించి రాయండి. ఇంతకన్నా తేలికైన ప్రశ్న ప్రపంచంలో లేదు కదా, అయినా దీనికీ బోర్డు మీద జవాబు ఉంటుంది. ‘మాది చిన్న కుటుంబం. మా నాన్నగారు ఉద్యోగం చేస్తారు. మా అమ్మగారు ఇంటి పనులు చేస్తారు. మేమంతా కలిసిమెలిసి ఉంటాం.’ ఆటో నడిపేవాళ్ల అమ్మాయి ఇదే రాస్తుంది. మిరప కోతలకు పోయే తల్లి కొడుకూ ఇదే రాస్తాడు. పాలమూరులో ఎవడో ఒకడు పొరపాటున, ‘మా అమ్మానాయిన బొంబాయికి పనికి పోయిండ్రు, నేను అమ్మమ్మ కాడ ఉంటున్న’ అని రాశాడనుకోండి. ఆ ఒక్క వాక్యంలో వలస ఉంది, వాన ఉంది, భూమి ఎవరి చేతుల్లో ఉందన్న సంగతి ఉంది, రెండు రాష్ట్రాల భూగోళం ఉంది. సాంఘిక శాస్త్రమనేది ఎక్కడైనా ఉంటే ఇదిగో, ఇక్కడే ఉంది. కానీ బోర్డు మీది జవాబులు దిగే గైడులో లేదు. కాబట్టి ఎర్ర సిరాతో ఒక అడ్డగీత, పక్కన ‘సరిచేసుకో’. ఏం సరిచేసుకోవాలి? వాక్యాన్నా, అమ్మానాయిననా? వాడు బుద్ధిమంతుడు గనుక వాక్యాన్నే సరిచేసుకుంటాడు. ‘సత్యమే పలకాలి’ అన్న పాఠం మరుసటి వారం మొదలవుతుంది.

పుస్తకాలు రాసినవాళ్లను అనడానికి లేదు. బడి చదువును బయటి బతుకుతో ముడిపెట్టాలని, బట్టీ మాన్పించాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లోనే చెప్పింది. మన పుస్తకాలూ ఆ దారిలో మారాయి. పాఠం చివర ‘మీ ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి’, ‘మిత్రులతో చర్చించండి’ అని వేశారు. గైడులవాళ్లు కంగారుపడ్డారనుకుంటున్నారా? పెద్దలను అడిగితే వాళ్లేం చెబుతారో కూడా అచ్చువేసి అమ్మారు. ఇప్పుడు మీ ఊరి చెరువు గురించి రాయమంటే ఎండిపోయినవి, పూడ్చి ప్లాట్లు వేసినవి అన్నీ మాయమై, నోటుబుక్కుల్లో ఒకే చెరువు, నిండా నీళ్లతో, నాలుగు తామరపూలతో.

ఇక నడవడికకు గ్రేడు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక ‘విలువల విద్య, జీవన నైపుణ్యాలు’ అన్నది కూడా సహపాఠ్య అంశమైంది. లెక్కలకు గ్రేడు ఎలాగో దీనికీ అలాగే. గ్రేడు అన్నాక గడి ఉంటుంది, గడి అన్నాక నింపాలి, నింపడానికి గడువుంటుంది. ఆ రాత్రి మాస్టారు రిజిస్టరు ముందేసుకుని పైనుంచి కిందికి ఒకే వరుసన ‘ఎ’, ‘ఎ’, ‘ఎ ప్లస్’ అని దించేస్తారు. ఆయన తప్పేమీ లేదు. ఒక్కరే ఐదు తరగతులు చూసే బడిలో ఏ పిల్ల ఎంత నిజాయితీపరురాలో ఎప్పుడు కొలిచారట? పిల్లల నిజాయితీని ధ్రువీకరించే ఆ ఒక్క పత్రమూ అబద్ధంతో నిండిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

ఆరోగ్యం సంగతీ చెప్పుకోవాలి. తాగునీరు, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి, ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అవి ఉన్నాయో లేవో గానీ వాటి మీద పాఠాలు మాత్రం ఉన్నాయి. ‘వ్యాయామం వల్ల కలిగే లాభాలు’ అన్న ప్రశ్నకు జవాబును పిల్లలు ఆటల పీరియడులోనే కూర్చుని ఎక్కించుకుంటారు, లెక్కల సారు ఆ పీరియడును తీసుకోని రోజైతే. మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టని అమ్మాయి, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో పరీక్షలో తప్పు లేకుండా రాస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్య అయ్యవార్లే మరుగుదొడ్లకు ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాల్సి వచ్చింది. పరిశుభ్రత అంటే సెల్‌ఫోనులో కనిపించేదని పిల్లలకు అంతకన్నా బాగా ఎవరు నేర్పగలరు?

తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన జపాను పుస్తకంలో ఒక ప్రధానోపాధ్యాయుడున్నాడు, కొబయాషి అని. పిల్లల అన్నం డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండల నుంచి కొంత ఉండాలన్నదొక్కటే ఆయన పెట్టిన షరతు. భోజనం వేళ డబ్బాల్లోకి తొంగిచూసేవాడు. ఎవరికి ఏది తక్కువైతే అది ఆయన భార్య వెనకే గిన్నెలు పట్టుకుని వచ్చి వడ్డించేది. పాపం, ఆయనకు ‘సమతులాహారం అనగానేమి?’ అని రెండు మార్కుల ప్రశ్న ఇవ్వడం తెలియలేదు.

ప్రైవేటు బళ్లలో తీరు వేరు. అక్కడ ‘మన సహాయకులు’ అని ఒక రోజు జరుపుతారు. అద్దె దుస్తుల కొట్టు నుంచి డాక్టరు కోట్లు, పోలీసు టోపీలు, సైనికుల బూట్లు దిగుతాయి. పారిశుధ్య కార్మికురాలి వేషం ఏ తల్లీ ఒప్పుకోదు గనుక అది ఫీజు బకాయి ఉన్న పిల్లకు దక్కుతుంది. చేతిలో థర్మాకోల్ చీపురుతో ఆ పిల్ల, ‘మాకు గౌరవం ఇవ్వండి’ అని ఇంగ్లీషులో అప్పజెబుతుంది. చప్పట్లు. ఆ తరవాత స్టేజీ మీద రాలిన థర్మాకోల్ ముక్కలు ఊడ్వడానికి నిజం చీపురుతో ఆయమ్మ రావాలి. ‘ఏయ్, తొందరగా కానీ, నెక్స్ట్ ప్రోగ్రాం ఉంది’ అని మైకులోనే పిలుపు.

అదే బడి గేటు ముందు సాయంత్రం ట్రాఫిక్కు పాఠం ప్రాక్టికల్స్ నడుస్తాయి. బండి ముందు నిలబడ్డ చిన్నాడు, ‘నాన్నా, రెడ్డు’ అంటాడు. ‘పోలీసోడు లేడులేరా’ అని నాన్న రాంగ్ రూట్లో లాగించేస్తాడు. పౌరశాస్త్రం ఒక్కసారికే వంటబట్టింది, రివిజన్ అక్కర్లేదు.

ఉదయం ప్రార్థనలో పిల్లలు చెయ్యి చాచి చేసే ప్రతిజ్ఞను 1962లో మన నల్లగొండ జిల్లా వారు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాశారు. పెద్దలను గౌరవిస్తామని పిల్లలచేత రోజూ మాట ఇప్పించే ఆ పేజీ మీద, రాసిన పెద్దాయన పేరు వెయ్యడం మన పెద్దలకు ఏళ్ల తరబడి తోచలేదు.

అయినా పిల్లలకు విలువలు నేర్పే ప్రయత్నాలు ఆగలేదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా, కేబినెట్ హోదాతో నియమించింది. విద్యార్థులకు సరే. కేబినెట్‌కు కూడా ఒకరిని, విద్యార్థి హోదాతోనైనా, నియమించి ఉంటే బాగుండేది.

ఈలోగా ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి. వాటిలో ఒక పిల్లవాడిది: సాంఘికం, ఎ ప్లస్. ఆరోగ్య విద్య, ఎ ప్లస్. విలువల విద్య, ఎ ప్లస్. అడుగున క్లాసు టీచరు రిమార్కు: ‘పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడు. ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నాడు. తల్లిదండ్రులు శ్రద్ధ వహించగలరు.’