అంతర్జాతీయ సంబంధాలు: ఒక అపార్థ మీమాంస

తెలుగునాట ‘సంబంధం’ అనే మాటకు ఎన్ని అర్థాలున్నా పెళ్లి సంబంధం ముందు తక్కినవేవీ నిలవవు గనుక, దేశాల మధ్య పొత్తులూ పోరులూ బేరాలూ ఎందుకు, ఎట్లా సాగుతాయో విచారించే అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం ఇక్కడ పేరుతోనే చిక్కుల్లో పడింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఈ ఎం.ఏ. చదివే విద్యార్థి సెలవులకు శ్రీ సిటీ పారిశ్రామికవాడ పక్కనున్న తడకో సత్యవేడుకో వచ్చిన ప్రతిసారీ, ‘ఏం నాయనా, అమెరికా సంబంధాలు గూడా ఉండాయా నీకాడ?’ అనే ప్రశ్న ఎదురవుతుంది. పాఠ్యక్రమంలోని రెండో సగమైన ‘భద్రత’ను వివరించబోతే చిక్కు రెట్టింపవుతుంది. ఆ ప్రాంతంలో సెక్యూరిటీ అంటే యూనిఫాం, విజిలు, గేటు దగ్గరి రిజిస్టరు కాబట్టి, దానికి ఎం.ఏ. దేనికన్న సందేహంలో తర్కదోషం వెదికినా దొరకదు.

అయితే దీన్ని పామరుల అపార్థమని తోసిపుచ్చడం శాస్త్రీయం కాదు. కౌటిల్యుడి మండల సిద్ధాంతం, అనగా గెలుపు కోరే రాజైన విజిగీషువు చుట్టూ శత్రుమిత్రులను వరుసగా అమర్చి చూపే పన్నెండుగురు రాజుల లెక్క, పెళ్లి పందిట్లో ఇమిడినంత చక్కగా మరెక్కడా ఇమడదు. పెళ్లికొడుకు తండ్రి విజిగీషువైతే వియ్యంకుడు అరి, అంటే శత్రువు. ఆ వియ్యంకుడితో గట్టు తగాదా ఉన్న దాయాది సహజ మిత్రుడు. వెనకనుంచి మడమ పట్టి లాగే పార్ష్ణిగ్రాహుడు నిస్సందేహంగా పెద్దల్లుడు. ఎవరినైనా దెబ్బతీయగల బలముండీ ఏ పక్షమూ చేరని ఉదాసీనుడు వంటమేస్త్రి. ఇక ఆధునిక సిద్ధాంతాలకొస్తే, బలప్రయోగం లేకుండా బెదిరింపుతోనే కోరింది రాబట్టే పద్ధతిని నిర్బంధ దౌత్యమంటారు. అలకపాన్పుమీద గోడవైపు తిరిగి పడుకున్న అల్లుడు, మోటారుబండి తాళంచెవి దిండుకింద చేరేదాకా కదలకపోవడం దాని శుద్ధరూపం. తన రక్షణకు ఒకరు చేసుకునే సన్నాహం ఎదుటివారికి భయం పుట్టించి, వారి సన్నాహం మళ్లీ మొదటివారిని భయపెట్టే స్థితికి రాజనీతి శాస్త్రవేత్త జాన్ హెర్జ్ 1950లో భద్రతా సందిగ్ధమని పేరు పెట్టాడు. పరువుకోసం మగపెళ్లివారు రెండో బస్సు మాట్లాడటం, అది విని ఆడపెళ్లివారు మూడోది మాట్లాడటం, చివరికి బస్సులు పెరిగి ఇరుపక్షాలకూ నిద్ర కరువవడం ఆయన చూడని ఉదాహరణ.

సెక్యూరిటీ విషయంలోనూ ఊరివారిదే పైచేయి. 2005 నాటి చట్టం ప్రకారం ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే సెజ్, అనుమతి పొందిన కార్యకలాపాల వరకు భారత కస్టమ్స్ పరిధికి వెలుపలి ప్రాంతంగా లెక్క; అక్కడినుంచి బయటి మార్కెట్టుకు వచ్చే సరుకు దిగుమతి సరుకులాగే సుంకం కడుతుంది. శ్రీ సిటీలో ఇటువంటి సెజ్, దాని పక్కనే మామూలు దేశీయ సుంక మండలం రెండూ ఉన్నందున, సుంకాల లెక్కలో విదేశం సత్యవేడు నుంచి ఆటో దూరంలోనే మొదలవుతుంది. నాలుగు సెమిస్టర్లు సరిహద్దుల సిద్ధాంతం వల్లెవేసినవాడు పుస్తకంలో చూసిన సరిహద్దును విజిలు చేతబట్టినవాడు రోజూ పన్నెండు గంటలు నిలబడి కాస్తుంటే, ఎవరికి ఎం.ఏ. అక్కర్లేదో తేల్చడం కష్టం.

1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయనానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాను కంపెనీలు వచ్చి అదే జిల్లాలోని శ్రీ సిటీలో కర్మాగారాలు పెట్టాయి. పాఠం ఇంటి గుమ్మందాకా నడిచివచ్చినా, గుమ్మం దగ్గర అడిగేది ఐటీఐ, డిప్లొమా సర్టిఫికెట్లనే. పేదింటి పిల్లవాడికి తక్కువ ఫీజుతో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇవ్వగలిగింది ప్రధానంగా ఒక చూపు: తన ఊరి పొలాల పక్కన జపాను ఎందుకు దిగిందో, రేపు ఎందుకు వెళ్లిపోవచ్చో తెలుసుకునే చూపు. ఆ చూపుకు జీతం కట్టే గడి ఏ దరఖాస్తులోనూ కనబడదు. గేటు రిజిస్టరులో పేరు, ఊరు, ఫోను నంబరు చకచకా నింపిన ఎం.ఏ. పట్టభద్రుడు, దేశాల ప్రయోజనాలను పేజీలకొద్దీ వివరించినవాడే, ‘వచ్చిన పని’ అన్న గడి దగ్గర ఆగిపోతాడు. తన డిగ్రీ ఊసెత్తని గార్డు, కలం తిరిగి ఇచ్చేదాకా ఓపికగా నిలబడతాడు.