350 సీసీ గీత: జీఎస్టీ మండలికి ఒక టూరింగ్ బైకు విన్నపం

మహారాజరాజశ్రీ జీఎస్టీ మండలి వారి సముఖమునకు,

టూరింగ్ బైకు కొనాలా వద్దా, కొంటే ఏది కొనాలి అని ఊగిసలాడుతున్న తెలుగువాళ్ల తరఫున వ్రాసుకొను విన్నపము. 2025 సెప్టెంబర్ 3న మొదలైన మీ 56వ సమావేశం మా పని చాలా తేలిక చేసింది. అంతకుముందు బైకు ఎంచుకోవాలంటే సవాలక్ష చూడాల్సి వచ్చేది. వెనక మనిషినీ, సామాను పెట్టెలనూ మోస్తూ శ్రీశైలం ఘాట్ ఎక్కగలదా, ట్యాంకు నింపితే ఎంత దూరం పోతుంది, సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందుతాయా, దారిలో చెడితే బాగుచేసేవాడు దొరుకుతాడా, ఇవన్నీ చూశాక జేబు తడుముకునేవాళ్లం. ఇప్పుడు ఒక్క అంకె చూస్తే చాలు. ఇంజిన్ 350 సీసీ లోపు అయితే పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ పైన ఒక్క సీసీ ఉన్నా, సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40కి ఎక్కింది. సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చింది. మా బైకు మీరే ఎంచి పెట్టినందుకు కృతజ్ఞతలు. ఆ ఎంపిక మాకెందుకు నచ్చలేదో విన్నవించుకోవడానికే ఈ లేఖ.

ముందు లెక్క చూద్దాం. పన్ను పడకముందు సరిగ్గా రెండు లక్షల ధర ఉన్న రెండు బైకులు ఉన్నాయనుకుందాం. ఒకటి 349 సీసీ, రెండోది 373. పాత పన్నులో మొదటిది 2.56 లక్షలు, రెండోది 2.62 లక్షలు. తేడా ఆరు వేలు, అంటే ఒక మంచి హెల్మెట్. కొత్త పన్నులో మొదటిది 2.36 లక్షలకు దిగితే రెండోది 2.80 లక్షలకు ఎక్కింది. తేడా 44 వేలు. కథ అక్కడితో ఆగలేదు. రాష్ట్రం వసూలు చేసే లైఫ్ ట్యాక్స్ ఈ పెరిగిన ధర మీదే పడుతుంది, అంటే పన్ను మీద పన్ను. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు అది 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. అన్నీ కలిపి బండి రోడ్డెక్కేసరికి తేడా అరవై వేల దరిదాపులకు చేరుతుంది. ఆ డబ్బు పెట్రోలుకు పెడితే లద్దాఖ్ వెళ్లి రావడమే కాదు, దారిలో దాబాల బిల్లు కూడా తీరుతుంది.

350 దాటినది విలాసం, విలాసానికి పన్ను ఎక్కువ వేస్తే తప్పేమిటి అని మీరు అడగొచ్చు. నలభై శాతం శ్లాబులో మా బైకు పక్కన మీరు కూర్చోబెట్టినవి విహార నౌకలు, సొంత విమానాలు, రివాల్వర్లు. (కూల్‌డ్రింకు కూడా ఉంది, దాని సంగతి వేరే లేఖలో.) విలాసానికి కొలత ధర కావాలి గానీ ఇంజిన్ సిలిండర్ ఘనపరిమాణం ఎలా అవుతుంది? రెండు నిజమైన బైకులు తీసుకోండి. కవాసాకీ వెర్సిస్-ఎక్స్ 300 రెండు సిలిండర్ల టూరింగ్ బైకు. 2025లో మీ నిర్ణయానికి ముందు దాని ధర దాదాపు 3.80 లక్షలు. ఇంజిన్ 296 సీసీ కాబట్టి లెక్క ప్రకారం దానికి ముప్పై వేల దాకా తగ్గింపు దక్కింది. బజాజ్ డామినార్ 400 అప్పట్లో 2.39 లక్షలు. ఇంజిన్ 373 సీసీ కాబట్టి అదే లెక్కన దాని మీద పదహారు వేల పైచిలుకు భారం పడింది. దాదాపు నాలుగు లక్షలు పెట్టగలవాడికి రాయితీ, రెండున్నర లక్షలకు అప్పు చేసేవాడికి విలాసపు పన్ను. ఇది ఏ రకం సామాజిక న్యాయమో మాకు అంతుబట్టలేదు.

పెద్ద ఇంజిన్ అంటే వేగం, వేగం అంటే ప్రమాదం, అందుకే కట్టడి అనే వాదన కూడా ఉంది. ఇందులో సగం నిజం ఉంది, కానీ సీసీ ఆ సగాన్ని కూడా కొలవలేదు. 296 సీసీ వెర్సిస్, 373 సీసీ డామినార్, 452 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, మూడూ ఇచ్చే శక్తి ఇంచుమించు 40 హెచ్‌పీయే. గీతకు కింద ఉన్నవాటిలోనూ ఇదే వింత. 249 సీసీ సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ దాదాపు 26 హెచ్‌పీ ఇస్తే, 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 20 దగ్గర ఆగుతుంది. వేగాన్నే పట్టుకోదలిస్తే శక్తిని కొలవాలి. యూరప్‌లో మధ్యస్థాయి బైకు లైసెన్సుకు పెట్టిన హద్దు 35 కిలోవాట్లు, సీసీ కాదు. పైగా టూరింగ్‌లో శక్తి షోకు కాదు, అవసరం. లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆ గాలికి తగ్గట్టు పెట్రోలు కలుపుతుంది గానీ లేని గాలిని పుట్టించలేదు. ఇరవై హెచ్‌పీ బండి అక్కడ పది దగ్గర ఆయాసపడుతుంది, నలభైది ఇరవై దగ్గర నిలుస్తుంది. వెనక భార్యో స్నేహితుడో, పక్కన రెండు పెట్టెలు ఉన్నప్పుడు ఆ పది హెచ్‌పీ తేడా విలాసం కిందికి వస్తుందా? అంత దూరం ఎందుకు, రెండు లేన్ల రోడ్డులో ధాన్యం లారీని దాటడానికి ఎదురు వాహనం వచ్చేలోపు ఉండే వ్యవధిలో త్వరగా బయటపడే బండే భద్రమైన బండి.

అసలు ఈ 350 ఎక్కడిది? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు మూడు శాతం సెస్సు కోసం గీసిన గీత ఇది. ప్రపంచ దేశాల కస్టమ్స్ వర్గీకరణలో మోటార్ సైకిళ్లను 50, 250, 500, 800 సీసీల దగ్గర విడగొట్టారు. 350 ఆ వరుసలోనే లేదు. మూడు శాతం ఉన్నంతకాలం గీత ఎక్కడున్నా పెద్దగా నొప్పి తెలియలేదు. దాన్నే ఇరవై రెండు శాతం అగాధంగా మార్చినప్పుడైనా అంకె సరైనదో కాదో ఒకసారి చూసుకోవాల్సింది. కార్ల విషయంలో మీరు చేసింది గమనిస్తే మాకు ఇంకా కష్టంగా ఉంటుంది. సెస్సుతో కలిపి యాభై శాతం కట్టిన పెద్ద ఎస్‌యూవీలను అదే నలభైకి దించారు. అదే రోజు, అదే శ్లాబులోకి మమ్మల్ని 31 నుంచి ఎక్కించారు. కోటి రూపాయల ఎలక్ట్రిక్ కారు ఐదు శాతం దగ్గరే ఉంది. కాలుష్యం తగ్గించడానికి అది అవసరమే, కాదనం. కానీ లీటరుకు ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల మైలేజీ ఇచ్చే 400 సీసీ బైకు, దానిలో మూడో వంతు కూడా ఇవ్వని ఎస్‌యూవీ ఒకే పంక్తిలో కూర్చోవడానికి కారణం మాత్రం చెప్పండి.

మీ పక్షాన ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. దేశంలో అమ్ముడయ్యే ద్విచక్ర వాహనాల్లో అత్యధికం 350 లోపువే. పాల క్యాను మోసే బండికీ, కాలేజీకి పోయే స్కూటరుకూ పది శాతం తగ్గడం మంచి పని. అందులో పైసా వెనక్కి తీసుకోమని మేం అనడం లేదు. ఐషర్ మోటార్స్‌కు చెందిన సిద్ధార్థ లాల్ అన్ని టూవీలర్లకూ ఒకే 18 శాతం వేయమని బహిరంగంగా కోరారు. మేం అంత కూడా అడగం. లక్షలకు లక్షలు పోసే దిగుమతి సూపర్‌బైకులకు నలభై వేసుకోండి. మేం కోరేది గీతను సీసీ నుంచి ధరకు మార్చమని. పన్నుకు ముందు రెండున్నర లక్షల లోపు ధర ఉన్న ఏ బైకుకైనా 18 శాతం, ఆ పైన నలభై. ధర మీద శ్లాబు పెడితే లెక్కలు తారుమారు చేస్తారంటారా? బట్టలకూ చెప్పులకూ 2,500 రూపాయల దగ్గర, హోటల్ గదికి 7,500 దగ్గర మీరే గీత గీశారు. చొక్కాకు పనికొచ్చిన కొలత బైకుకు ఎందుకు పనికిరాదు? ధర గీత దగ్గర కూడా కంపెనీలు గుమిగూడతాయి, నిజమే. అయితే అప్పుడు వాళ్లు గీత లోపల ఇమడడానికి ధర తగ్గిస్తారు. సీసీ గీత దగ్గర ఇంజిన్ తగ్గిస్తారు. వీటిలో కొనేవాడికి ఏది మేలో చెప్పడానికి పన్నుల నిపుణుడు అక్కర్లేదు.

కొన్ని కంపెనీలు పెరిగిన పన్నును తామే భరించి ధర పెంచలేదు కదా అని ఎవరో అంటారు. అది అమ్మకాలు పడిపోకుండా వ్యాపారి చూపిన జాగ్రత్త. ఈ రోజు భరించినవాడు రేపు ధరలో కలిపేస్తే అడగడానికి కొనుగోలుదారుకు హక్కేమీ లేదు.

మీరు మార్చేదాకా మా నిర్ణయం ఇది. మైదానాల్లో, అరకు, గండికోట దూరాలకు ఒంటరిగా తిరిగేవాళ్లు వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ లాంటిది కొనుక్కుంటారు, అది మీ పన్ను వల్ల కాదు, దాని గుణం వల్ల. ఇద్దరెక్కి సామానుతో హిమాలయాలకు పోవాలనుకునేవాళ్లు మూతి ముడుచుకునైనా నలభై శాతం కట్టి హిమాలయన్ 450 తీసుకుంటారు. ఇంతకూ మీ ఓటింగులో మూడింట రెండు వంతుల బరువు రాష్ట్రాలదే. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్థిక మంత్రులకు ప్రత్యేక మనవి: తదుపరి సమావేశం అజెండాలో 350 సీసీ గీతను పునఃపరిశీలనకు పెట్టించండి.

ఇట్లు,
షోరూముకు వెళ్లి కొటేషన్ చేతపట్టుకుని తిరిగొచ్చిన ఒక కొనుగోలుదారు