అవ్వ జడుసుకుంటే అమాయకత్వం, మనవడు నవ్వితే కల్ట్

సినిమా బాగుందా లేదా అన్నది పాత ప్రశ్న. బాగాలేదని తెలిసి చూస్తున్నావా, తెలియక చూస్తున్నావా అన్నది ఇప్పటి ప్రశ్న. తెలిసి చూస్తే అభిరుచి ఉన్నట్టు. తెలియక చూస్తే పల్లెటూరి బైతు కింద లెక్క.

ఈ పరీక్ష మా పుంగనూరులో శని, ఆదివారాల్లో జరుగుతుంది. బెంగళూరు నుంచి కోలారు మీదుగా బస్సు దిగిన సాఫ్ట్‌వేర్ పిల్లకాయలు పళ్లెంలో బొరుగులు, చెనిక్కాయలు పోసుకొని, టీవీలో యూట్యూబ్ తెరిచి, విఠలాచార్య గారి 'జగన్మోహిని' పెడతారు. 1978 నాటి సినిమా. దయ్యం జయమాలిని. కట్టెల బదులు కాళ్లు పొయ్యిలో పెట్టి దయ్యం వంట చేసే సీను రాగానే పిల్లకాయలు నేల మీద పడి దొర్లుతారు. మంచం మీద అవ్వ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకొని, "గమ్మునుండండ్రా, అది వింటుంది" అంటుంది.

సినిమా ఒకటే, టీవీ ఒకటే. పూర్తిగా చూసింది ఎవరంటారు?

ఉడుపి వైపు పుట్టి, కన్నడంలో సినిమాలు తీసి, తర్వాత తెలుగుకొచ్చి 'జానపద బ్రహ్మ' అనిపించుకున్నాడు విఠలాచార్య. కెమెరా ఆపు, మనిషిని పక్కకు పంపు, మళ్లీ తిప్పు. మాంత్రికుడు మాయం! ఖర్చు, మనిషి పక్కకు నడిచినంత. డేట్ల కోసం పేచీ పెట్టిన నటుణ్ణి కథలోనే శపించి, చిలకనో మేకనో చేసి, మిగతా సినిమా దానితోనే లాగించేవాడని సినిమావాళ్లు నేటికీ చెప్పుకుంటారు. ఇప్పటి హీరోల పారితోషికాలు చూస్తుంటే, ఇంట్లో ఒక్క చిలకనైనా పెంచుకోని నిర్మాతది ముమ్మాటికీ స్వయంకృతమే.

వందల కోట్లు పోసి కంప్యూటర్లో చేయించిన పులి మాత్రం ఏం తక్కువ నవ్విస్తోంది? కాకపోతే దాన్ని చూసి నవ్వాలంటే మల్టీప్లెక్స్ రేటు కట్టాలి. పాప్‌కార్న్ అదనం.

ఆదివారం పొద్దున కార్టూన్ల వంతు. ఇంట్లో చిన్న పాప కోసమని 'ఛోటా భీమ్' పెడతారు, పాప నిద్రపోయినా ఆపరు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ తయారీ, 2008లో పోగోలో మొదలైంది. అప్పుడు చూసిన పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లవుతున్నాయి, భీముడు ఇంకా అదే పంచెలో ఉన్నాడు. ఢోలక్‌పూర్ రాజు ఇంద్రవర్మకు కోట ఉంది, సైన్యం ఉంది. ఆపదొస్తే మాత్రం లడ్డూలు తినే పిల్లాడికి కబురు పెడతాడు. పదేళ్ల వయసులో చూస్తే అది కథ. ఓటు హక్కు వచ్చాక చూస్తే వార్తలు. ఇక 1940లో పుట్టిన టామ్ అండ్ జెర్రీకి మాటలతో పనే లేదు. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసిన మా సరిహద్దులో భాష తగువు లేకుండా నడిచే కార్యక్రమం అదొక్కటే.

కావాలని చెత్తగా తీసేవాళ్లూ వచ్చారు. 2014లో సంపూర్ణేష్ బాబు 'హృదయ కాలేయం', 2019లో ఆయనే మూడు వేషాలేసిన 'కొబ్బరి మట్ట'. నవ్వొస్తుంది, కాదనను. కానీ ముందే కన్నుకొట్టి చెప్పే జోకు అది. విఠలాచార్య కన్ను కొట్టలేదు. దయ్యాన్ని నమ్మే తీశాడనిపిస్తుంది.

మొదట చిన్నచూపు, తర్వాత మోజు: మా పుంగనూరు పొట్టావుకూ ఇదే జరిగింది. మూడడుగుల ఎత్తు, పాలు కొంచెం, వెన్న దండి. పాలు చాలవని దాన్ని వదిలించుకొని సీమావుల వెంట పడ్డాం. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ పొట్టావులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు అది లక్షల్లో పలుకుతోంది. రేపు 'జగన్మోహిని' పోస్టరు కూడా బెంగళూరు అపార్ట్‌మెంట్ గోడమీద అద్దాల ఫ్రేములో వేలాడుతుంది. దాన్ని కనిపెట్టిన ఘనత మనవడిది. నలభై ఏళ్లుగా ఆ దయ్యానికి నిజాయితీగా భయపడుతున్న అవ్వ పేరు ఎక్కడా ఉండదు.

అందుకని పిల్లకాయలకు ఒక మనవి. ఈసారి ఊరికొచ్చినప్పుడు ఆ సినిమానే పెట్టండి. నవ్వొస్తే వంటింట్లోకి పోయి నవ్వుకొని రండి. రిమోటు మాత్రం అవ్వ చేతికివ్వండి.