డబ్బాకు ఓటీపీ ఎవరు చెప్తారు?

నారాయణఖేడ్‌లో ఓ డిప్లొమా పిల్లగాడున్నాడనుకుందాం. ఈఎస్‌పీ8266 వైఫై చిప్పున్న బోర్డు కొన్నాడు. నీళ్ల మట్టం చూసే సెన్సర్ తగిలించి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, మేడ మీది ట్యాంకుకు కట్టాడు. ట్యాంకు నిండొస్తే ఫోన్‌కు కబురు రావాలి, మోటరు బంద్ చేయాలి. ఇంట్లో నెట్ లేదు. కింద కిరాణా కొట్టులో పబ్లిక్ వైఫై ఉంది.

డబ్బాకు వైఫై దొరికింది, ఐపీ అడ్రసూ దొరికింది. 'ట్యాంకు నిండొచ్చింది' అని సర్వర్‌కు సాదా హెచ్‌టీటీపీలో పంపింది. హాట్‌స్పాట్ ఆ కబురును దారిలోనే పట్టుకుని, 'మీ మొబైల్ నంబరు చెప్పండి' అన్న రంగుల లాగిన్ పేజీని చేతిలో పెట్టింది. డబ్బాకు కళ్లు లేవు. పేజీతోపాటు వచ్చిన '200' కోడ్ చూసి, కబురు చేరిందనుకుని నిద్రపోయింది. నీళ్లు గోడ వెంట కారుతున్నాయి. డబ్బా మాత్రం ఫైలు పై ఆఫీసుకు తోసేసిన గుమాస్తా అంత ప్రశాంతంగా ఉంది.

'ముందు లాగిన్ కావాలి' అని యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పడానికి 2012లోనే '511' అనే కోడ్ పెట్టారు. దాన్ని పట్టించుకునే వైఫై లాగిన్ పోర్టళ్లు అరుదు. యంత్రాలతో మర్యాదేమిటి అనుకున్నారేమో!

ఓటీపీకి కారణం లేకపోలేదు. 2008 అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు నవీ ముంబైలోని తాళం లేని వైఫై నుంచి ఉగ్రవాదుల మెయిల్ వెళ్లింది. మరుసటి ఏడాదే టెలికాం శాఖ, పబ్లిక్ వైఫై వాడేవారెవరో తెలియాలంది. సబబే. కానీ ఉచిత నెట్‌కు ఓటీపీ కావాలి, ఓటీపీకి సిమ్మున్న ఫోన్ కావాలి. ఆ రెండూ ఉన్నవాడికి చాలాసార్లు నెట్టూ ఉంటుంది! 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకానికి ఆమోదం తెలిపింది. కొట్టువాడు లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. కొనేవాడికి మాత్రం ఓటీపీ తప్పదు. రైల్వే స్టేషన్ల వైఫైదీ అదే తంతు. ఆ బాధ నారాయణఖేడ్‌కు లేదు, ఊరికి రైలే లేదు గనక.

డబ్బా కంటే రైతుల మోటర్లకుండే పాత ఆటో స్టార్టర్లే నయం. కరెంటు రాగానే ఎవరినీ అడక్కుండా మోటరు తిప్పేవి. 2018 జనవరిలో తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని సర్కారు రైతులను బతిమాలాల్సి వచ్చింది.

ఓ దారుంది. పిల్లగాడు తన ఫోన్ నుంచే డబ్బాకు నెట్ పంచొచ్చు. అయితే ఫోన్ ట్యాంకు దగ్గరే కాపలా ఉండాలి. ఫోన్ అక్కడే ఉంటే పిల్లగాడూ అక్కడే ఉంటాడు, ఇక డబ్బా ఎందుకు?

పోర్టళ్లు కట్టే అయ్యలారా, ముందు 511 పంపండి. తర్వాత, ఒకసారి ఓటీపీ చెప్పినవాడి నంబరు కింద అతని డబ్బా మ్యాక్ అడ్రసునూ రాసుకునే వీలు పెట్టండి. రేపు ఏదైనా జరిగితే అడగడానికి మనిషి దొరుకుతాడు. టెలికాం శాఖ అడిగిందీ అంతే.