ఓడకు రంగు, గోటికి రంగు

రంగు ఆరడం వేరు, గట్టిపడటం వేరు. ఈ మాట మా ఇంట్లో అన్నాల దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా ఆయన విశాఖ షిప్‌యార్డులో రంగుల పని చేసి రిటైరయ్యారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష ఓడ నీళ్ళలోకి దిగిన యార్డు అది. అక్కడ పని నేర్చిన మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, గోళ్ళకు రంగు వేసుకోవడం మాత్రం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోబోయాను. ఓడలకు రంగేసిన మనిషిని గోళ్ళ గురించి అడగడమేమిటని అనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

నాకు తెలిసిన గోటి అలంకారం గోరింటాకే. ఆషాఢం వస్తే రుబ్బి పెట్టుకోవడం, పొద్దున్నే కడుక్కోవడం. దానికి నియమాలు తక్కువ, ఎందుకంటే ఆకులోని రంగు గోటిలోని కెరాటిన్‌ను పట్టేసుకుంటుంది. పైన పొరంటూ ఉండదు కాబట్టి పెచ్చులూడేదీ లేదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆ ఎరుపు దాంతోపాటే పైకి జరిగి కత్తెరకు అందుతుంది. నెయిల్ పాలిష్ కూడా అలాగే అన్నీ ఓర్చుకుంటుందని నమ్మాను.

అది పూర్తిగా వేరే జాతి. నైట్రోసెల్యులోజ్‌ను ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి, రంగు కలిపి సీసాలో పోస్తారు. ద్రావకం ఎగిరిపోతే గోటి మీద పలచని పొర మిగులుతుంది. 1920లలో అమెరికాలో కార్లకు వేసిన, త్వరగా ఆరే రంగులూ నైట్రోసెల్యులోజ్‌వే. 1932లో రెవ్లాన్ కంపెనీ మొదలైంది కూడా గోళ్ళ రంగుతోనే. అంటే నా చేతిలో ఉన్నది పసరు కాదు, పెయింటు. ఇది తెలిసి ఉంటే ఆ రోజు అలా కూర్చునేదాన్ని కాదు.

మా మేనకోడలు పూర్ణా మార్కెట్లో ఫ్యాన్సీ షాపు నుంచి కొత్త షేడ్లు తెచ్చిపెట్టింది. అవి చూసి మనసు ఆగలేదు. ఒకటి ఉక్కు బూడిద రంగు, తళుకుతో. ఇంకోటి అచ్చం బైలదిలా ఇనుప ఖనిజం ఎరుపు. కిరండూల్ లైను మీద గూడ్సుల్లో వచ్చి పోర్టులో గుట్టలుగా పడి ఉండే ఆ మట్టి రంగును చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా వేళ్ళ మీద మా ఊరే ఉండాలనిపించింది. బూడిద మీద తెల్లని అల ఒకటి, అంచున ఎర్ర చుక్క ఒకటి. అల కోసం సెలోటేపు, చుక్క కోసం హెయిర్‌పిన్ను. ఇంతకంటే సులువైన నెయిల్ ఆర్టు ఉండదని వీడియోలో అమ్మాయి చెప్పింది. అది నిజమే. తప్పంతా నేను కూర్చున్న తీరులోనే ఉంది.

తలకు కొబ్బరినూనె రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, తడి కొంగుకు తుడుచుకుని వెంటనే మొదలుపెట్టాను. సీసాను గట్టిగా ఊపాను. రంగు చిక్కగా పడాలని ఒకేసారి మందంగా పూశాను. ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా జరిగి కూర్చున్నాను. పైన వెంటనే ఆరింది, లోపల పచ్చిగానే ఉండిపోయింది. పాల మీద మీగడ కట్టినట్టు ముడతలు పడింది, బుడగలు లేచాయి. టేపు అంటించి పీకితే బూడిద రంగంతా దాంతోపాటే వచ్చేసింది.

ఇదంతా నేను చేసింది వంటింట్లో. పక్కన పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

మా ఆయన గుమ్మంలోకి వస్తూనే వాసన పట్టారు. నాతో మాట్లాడకుండా ముందు పొయ్యి కట్టేసి, సిలిండరు దగ్గర రెగ్యులేటర్ తిప్పి, కిటికీ తలుపులు బార్లా తీశారు. "ఏటే ఇది? థిన్నరు పక్కన నిప్పెట్టుకుంటావా?" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయమే వినిపించింది. ఇథైల్ ఎసిటేట్ ఆవిరి సున్నా డిగ్రీల కంటే చల్లటి వాతావరణంలో కూడా అంటుకోగలదు. గాలికంటే బరువు కాబట్టి కింద పాకుతూ పోతుంది. ఓడ ట్యాంకుల్లో దిగి రంగులు వేసినవాళ్ళకు ఆ ఆవిరంటే ఏమిటో తెలుసు. చిన్న సీసానే కదా అనుకున్నాను. పత్తి ఉండల మీద రిమూవరు కూడా ధారాళంగా పోసి పెట్టుకున్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ వణుకు పుడుతుంది.

ఆ సాయంత్రం ఆయన వరండాలో కూర్చోబెట్టి చెప్పారు. వినకపోతే ఏం పోగొట్టుకునేదాన్నో అప్పుడు అర్థమైంది. ఇనుముకైనా గోటికైనా చమురుంటే రంగు నిలవదు. ముందు రిమూవరుతో తుడిచి జిడ్డు తీయాలి. గోరు నీళ్ళు పీల్చి కాస్త ఉబ్బుతుంది. ఆరాక సర్దుకునేటప్పుడు పైనున్న పొర పట్టు వదిలేస్తుంది, అందుకే చేతులు కడిగిన వెంటనే వేయకూడదు. రేకుకు ప్రైమరు ఎలాగో గోటికి బేస్ కోటు అలాగ. అది లేకుండా ముదురు రంగులు వేస్తే గోరు పచ్చబారుతుంది. నాకు అదీ జరిగింది, ఆ పసుపు గోరు పెరిగి పోయేదాకా ఉంది.

నాకు బాగా నచ్చింది అంచుల సంగతి. రంగుకు పదునైన అంచు మీద నిలిచే గుణం లేదు, పక్కలకు జారి అక్కడ పలచబడుతుంది. అందుకే ఓడల్లో వెల్డింగు గీతలకూ అంచులకూ ముందుగా బ్రష్షుతో విడిగా ఒక పూత వేస్తారు. గోటి కొసకు కూడా బ్రష్షును అడ్డంగా తాకించి రంగుతో మూసేయాలట. కొసల్లో పెచ్చులూడటం దాంతో చాలావరకు ఆగింది.

మన విశాఖ గాలి సంగతి కూడా ఉంది. గాలిలో తేమ 85 శాతం దాటినా, రేకు వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా దిగే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా యార్డులో రంగు ముట్టుకోరు. ద్రావకం ఎగిరేటప్పుడు పొరను చల్లబరుస్తుంది, ఆ చలికి గాలిలో తేమ దిగి రంగు మసకబారుతుంది. వానాకాలం రాత్రి నేను వేసుకున్న ఎరుపు ఎందుకు పాలిపోయిందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు మబ్బు లేని మధ్యాహ్నం, వరండాలో, గాలి సూటిగా కొట్టని చోట కూర్చుంటాను. సీసాను ఊపను, అరచేతుల మధ్య దొర్లిస్తాను. పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. టేపు అంటించాలంటే ముందురోజే బూడిద రంగు వేసేసి పడుకుంటాను.

అల ఇప్పుడు అలలాగే వస్తోంది. మేనకోడలు కూడా వచ్చి తన గోళ్ళ మీద డాల్ఫిన్స్ నోస్ కొండ గీయించుకుంది, స్పాంజి ముక్కతో వెనక సంజె రంగు అద్దించుకుంది. ఇంకా తనకు దీపం కింద గట్టిపడే జెల్ రంగు కిట్టు కొనాలని ఉంది. ఆ పచ్చి జెల్లు చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ రావచ్చు. ఒకసారి వస్తే జన్మంతా ఉండొచ్చు, రేపు పళ్ళ డాక్టరు వాడే కొన్ని పదార్థాల్లోనూ అదే జాతి రసాయనం ఉంటుంది. దీపం ఆ జెల్లుకు తగినది కాకపోతే పైకి గట్టిగా కనబడి లోపల పచ్చిగానే ఉంటుంది. "కొనే ముందు ఆ కిట్టు వివరాల కాగితం తెచ్చి మావయ్యకు చూపించు" అన్నాను. "మావయ్యకు జెల్ పాలిష్ ఏం తెలుస్తుంది అత్తా?" అంది. అడిగి చూడమన్నాను.